గురువారం హాజరు

వికారాబాద్
7 జనవరి 1984, శనివారం

చి. బాలప్పకు,

ఇవాళ ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. మొన్న ఆదివారం, సంవత్సరం మొదటి రోజు ఆరాధనలో పాస్టరుగారు ఆశీర్వాదం పలుకుతుండగా నువ్వు చర్చి మెట్ల మీద కూలబడి పెద్దగా పాడావు. అది కీర్తన కాదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. నా పక్కన కూర్చున్న నీ భార్య చూసింది. సాయంత్రం నువ్వు ఒక్కడివే తాండూరు బండి ఎక్కావు. నాగవ్వ, పాప నా దగ్గరే ఉండిపోయారు. నువ్వే రాస్తావని ఆరు రోజులు ఆగాను. నీ దగ్గరి నుంచి ఒక్క ముక్క రాలేదు.

నీకెప్పుడూ పోస్టు కార్డే రాసేదాన్ని. ముప్పై నాలుగేళ్లు బడిలో చెప్పాను. పదిమంది చదవకూడని మాటను మనిషి కాగితం మీద పెట్టకూడదని పిల్లలకు నేర్పాను, నేనూ అలాగే నడిచాను. నీ కోసం మొదటిసారి కవరు అంటించాను.

నా మోకాలి మందు కోసం వెళ్లినప్పుడు కాంపౌండరు అజమత్‌ను అడిగాను. "టీచరమ్మా, హైదరాబాద్‌ల తాగుడు ఇడిసిపెట్టినోళ్లు వారానికోపాలి ఒక్కకాడ కూసుంటరు. మందు లేదు, సూది లేదు. ఉత్త మాటలే. అయినా కొందరు బాగైతున్రు" అన్నాడు. తాండూరులోనూ అట్లాంటిది ఒకటి ఉందని విన్నాడట. ఎక్కడో అతనికి తెలియదు. వెతకడం నీ పని.

నేను కొత్త రిజిస్టరు తీశాను. తాగిన రోజు ఎర్ర సిరా, తాగని రోజు నీలం సిరా. తొంభై నీలం గళ్లు వరుసగా నిండితే నాగవ్వను, పాపను నేనే తెచ్చి నీ గుమ్మంలో దింపుతాను. నిండకపోతే వాళ్లు కోట్‌పల్లికి, ఆమె అన్న ఇంటికి పోతారు. ఆమె ఒప్పుకుంది.

నీ తండ్రి, నా కొడుకు నర్సప్ప ఎలా పోయాడో నీకు తెలుసు. తాగి క్వారీలో పడ్డాడు. అప్పుడు నీకు పదమూడేళ్లు. అదే కబురు రెండోసారి వినే ఓపిక నాకు లేదు.

రాళ్ల పాలిషు మిషన్ల దగ్గర తిరిగేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నావా? ఇది నాగవ్వ అడగమంది. నేను అడగడం లేదు.

నీ అవ్వ,
రాహేలమ్మ


తాండూరు
22 జనవరి 1984

పూజ్యురాలైన అవ్వకు మనుమడు బాలప్ప వందనాలు.

ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నానని నాగవ్వకు చెప్పు.

నువ్వు చెప్పినట్టే వెతికాను. మొదట మా చర్చి పెద్దను అడిగితే సోమవారం ప్రార్థన కూటానికి రమ్మన్నాడు. "అది కాదయ్యా, తాగినోళ్లది" అంటే, "తాగినోళ్లు వేరే, మనం వేరేనా?" అని నవ్వి వెళ్లిపోయాడు. తర్వాత నేను లెక్కలు రాసే రాళ్ల యార్డులో మిషన్ నడిపే వలీని అడిగాను. "మీటింగే కదా? బుధవారం ఉన్నది, పోదాం పా" అని కందిపప్పు మిల్లు వెనక గదికి తీసుకుపోయాడు. ముప్పైమంది ఉన్నారు. గంటసేపు కూర్చున్నాను. తాగుడు మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ చేతులు లేపితే నేనూ లేపాను. బయటికి వచ్చాక వలీ భుజం తట్టి, "మున్షీవై ఉండి సమ్మెకు చెయ్యెత్తినవ్, మొగోనివిరా" అన్నాడు. మా సేటు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడం లేదు.

అవ్వా, అబద్ధం రాయను. పద్దెనిమిదో తారీకున సారా దుకాణానికి పోయాను. అక్కడే దారి దొరికింది. గ్లాసు ఇస్తూ దుకాణపాయన తనే ఏడ్చాడు. "నువ్వన్న ఇక్కన్నే ఉండు మున్షీ. ఆ దర్జీ ఉస్మాన్ నా గిరాకీ మొత్తం గుంజుకపోతుండు. గురువారమొస్తే నలుగురు తగ్గుతున్రు."

"ఏ దర్జీ?" అన్నాను.

"గూడ్స్ షెడ్డు ఎన్క. ఎందుకు, అంగీ కుట్టిస్తవా?"

అవునన్నాను. ఆ గ్లాసు ఖాళీ చేసే బయటికి వచ్చాను. అదీ రాస్తున్నాను.

మర్నాడు గురువారం, దీపాలు పెట్టే వేళకు పోయాను. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి పోవాలి. ఆరుగురున్నారు. కుర్చీలు రెండే, మిగతావాళ్లు బట్టల మూటల మీద కూర్చున్నారు. ఒక్కొక్కరు తన పేరు చెప్పి, ఈ వారం ఎలా గడిచిందో చెబుతారు. ఎవరూ మధ్యలో మాట్లాడరు, బుద్ధి చెప్పరు. నా వంతు వచ్చినప్పుడు నా పేరు చెప్పి, మా నాయన తాగి చచ్చిండు, నేనూ అట్లనే పోత అన్నాను.

ఉస్మాన్ భాయి నాకు దర్జీ టేపు ఒకటి, గుండుసూది ఒకటి ఇచ్చాడు. తాగకుండా గడిచిన ప్రతి రోజుకూ సూదిని ఒక అంగుళం జరపాలి. అరవై నిండితే టేపు తిరగేసి మళ్లీ ఒకటి నుంచి మొదలు. తాగితే సూది మొదటికి వస్తుంది. ఎవరూ తిట్టరు, ఎవరూ చూడరు. "తమ్మీ, గిది నీ జేబుల ఉండాలె. లోపలి మాట బైటికి పోవద్దు. లోపల ఎవరున్నరో గదీ పోవద్దు. గంతే మన కానూన్" అన్నాడు.

ఇవాళ సూది నాలుగో అంగుళం మీద ఉంది.

నీ మనుమడు,
బాలప్ప


వికారాబాద్
28 జనవరి 1984

చి. బాలప్పకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాగవ్వ నాలుగుసార్లు చదివించుకుంది. సమ్మె సంగతి దగ్గర నవ్వింది. ఈ ఇంట్లో ఆమె నవ్వడం ఇదే మొదలు కనుక రాస్తున్నాను.

గ్లాసు ఖాళీ చేశానని రాశావు. నిజం రాసినందుకు మెచ్చుకోను. నిజం రాయడం కనీసం. జనవరి 1 నుంచి 18 దాకా ఎర్ర సిరా వేశాను.

ఇక టేపు. అది నీ జేబులో ఉంటుంది, సూది నీ చేతిలో ఉంటుంది. పిల్లవాడు తన హాజరు తనే వేసుకునే బడి నేను ఎక్కడా చూడలేదు. నువ్వు అబద్ధం చెబుతావని అనడం లేదు. సాక్షి లేని పద్దు పద్దు కాదంటున్నాను. ఒక తెల్లకాగితం మీద తారీకులు వేసుకో. ప్రతి గురువారం అక్కడి పెద్ద చేత "హాజరైనాడు" అని సంతకం చేయించి నెలాఖరుకు పంపు. అప్పుడే నీలం సిరా. అందాకా పందొమ్మిది నుంచి గళ్లన్నీ పెన్సిలుతో ఉంచుతాను.

పాపకు జలుబు తగ్గింది. అనంతగిరి వైపు నుంచి వచ్చే గాలి ఈ ఏడు విపరీతంగా ఉంది.

నీ అవ్వ,
రాహేలమ్మ


తాండూరు
12 ఫిబ్రవరి 1984

పూజ్యురాలైన అవ్వకు బాలప్ప వందనాలు.

సంతకం అడిగాను. అడగకుండా ఉండాల్సింది. గదిలో అందరూ నా వైపు చూశారు. ఉస్మాన్ భాయి మెల్లగా, "ఈడ సంతకాలుండవ్ తమ్మీ. సంతకం పెట్టినోడు దొరుకుతడు" అన్నాడు. వాళ్లలో రైల్వేలో పని చేసేవాళ్లున్నారు, పెళ్లికి ఎదిగిన కూతుళ్లున్నవాళ్లున్నారు. వాళ్లు తాగేవాళ్లని ఊరికి తెలియకుండానే మానారు. కాగితం ఉంటే తెలుస్తుంది.

అవ్వా, నేను నాలుగు గురువారాలు పోయాను. సూది ఇరవై అయిదు మీద ఉంది. రాత్రి చేతులు వణకడం తగ్గింది. యార్డులో రాళ్ల లెక్క రెండుసార్లు కూడాల్సిన పని లేకుండా ఒక్కసారికే వస్తోంది. వేరే సాక్ష్యం ఏం తేను?

నీకు నమ్మకం కలగాలని ఒక్క మాట రాస్తున్నాను. రాయకూడదు, అయినా రాస్తున్నాను. మా గదిలో ఒక పంతులున్నాడు. నీ దగ్గర నాలుగో తరగతి చదువుకున్నాడట. నేను వికారాబాద్ అనగానే అడిగాడు, "రాహేలమ్మ టీచరు ఉన్నారా? పలక మీద గీత వంకర పోతే పలక తిప్పి చేతిమీద కొట్టేది" అని. పేరు జంగప్ప. ఇక్కడ బడిలో లెక్కలు చెబుతాడు. పద్నాలుగు నెలలుగా ముట్టలేదు. టేపు ఏడుసార్లు తిరగేశాడు. నేను కూర్చునేది ఆయన పక్కనే. అంతటి మనిషి ఉన్న చోటికి పోతున్నాను. ఇక నమ్ము.

నాగవ్వను ఒక్క మాట రాయమను. రాయడం రాదంటుంది, నాకు తెలుసు. పాప చేత ఒక గీత గీయించినా చాలు.

బాలప్ప


వికారాబాద్
18 ఫిబ్రవరి 1984

చి. బాలప్పకు,

జంగప్ప నాకు బాగా గుర్తు. 1950లో నాలుగో తరగతి, రెండో బల్ల. భాగహారం తప్పేవాడు, గుణకారం తప్పేవాడు కాదు. లెక్కల పంతులు అయ్యాడంటే సంతోషం.

నీ చిక్కు తీరింది. తెలియనివాళ్ల సంతకం అడిగితే వాళ్లు భయపడతారు. నా విద్యార్థిని నేను అడిగితే తప్పేముంది? నిన్ననే అతనికి బడి చిరునామాకు కార్డు రాశాను. నేను రాసే ప్రతిదానికీ నకలు ఉంచుతాను కనుక ఇక్కడ దింపుతున్నాను:

"చి. జంగప్పకు, నీ పాత టీచరు రాహేలమ్మ ఆశీస్సులు. గురువారం ఉస్మాన్ దర్జీ దుకాణంలో తాగుడు మానినవాళ్ల మీటింగుకు నువ్వు పద్నాలుగు నెలలుగా వెళుతున్నావని నా మనుమడు బాలప్ప ద్వారా తెలిసి గర్వపడ్డాను. చెడు మానడం దాచుకోవలసిన పని కాదు. బాలప్ప ప్రతి వారం హాజరవుతున్నాడా లేదా, నీ సంతకంతో నెలకొక కార్డు నాకు రాయగలవు."

అతని జవాబు రాగానే పెన్సిలు గళ్ల మీద సిరా దిద్దుతాను.

పాప గీసిన గీత ఇందులో పెట్టాను. అది నువ్వేనట.

నీ అవ్వ,
రాహేలమ్మ


తాండూరు
4 మార్చి 1984

అవ్వకు,

మీటింగు లేదు. రెండు గురువారాలుగా లేదు. ఇక ఉండదు. ఎందుకని అడగవద్దు.

నేను తాగలేదు. నాగవ్వకు చెప్పు.

బాలప్ప


వికారాబాద్
10 మార్చి 1984

బాలప్పకు,

ఆరు పొట్టి వాక్యాల ఉత్తరం ఎవరు రాస్తారో నాకు తెలుసు. ముప్పై నాలుగేళ్లు అట్లాంటి ఉత్తరాలు చదివాను. "కడుపు నొప్పి, బడికి రాలేను, ఎందుకని అడగవద్దు."

జంగప్ప జవాబు రాయలేదు. రాయడానికి ఏముంటుంది? నువ్వు పోవడం లేదు, పోవడం లేదని నాకు రాయలేక ఊరుకున్నాడు. నా విద్యార్థులకు అబద్ధపు సంతకం పెట్టే అలవాటు లేదు. అతని మౌనమే నాకు జవాబు.

ఆరుగురు మనుషులు ఏడాదికి పైగా కూర్చున్న చోటు, నువ్వు చేరిన ఆరో వారంలో ఉన్నట్టుండి లేకుండా పోయిందా? పోనీ, లేదు. లేకపోతే కారణం ఉంటుంది. కారణం మంచిదైతే చెబుతావు.

ఫిబ్రవరి 23 నుంచి ఎర్ర సిరా వేశాను. ఉన్నది ఉన్నట్టు నాగవ్వకు చెప్పాను. ఆమె ఏడవలేదు. పెట్టె సర్దుకుని, "మా అన్న ఇంటికి పోత అమ్మా. ఇంక నన్ను ఆపకుండ్రి" అన్నది. గురువారం బస్సుకు కోట్‌పల్లి వెళ్లింది. పాప బొమ్మల డబ్బా ఇక్కడే మరిచిపోయింది.

నీ తండ్రికీ ఇట్లాగే గడువు పెట్టాను. వాడూ ఇట్లాగే చేశాడు. రక్తం ఊరికే పోదు.

రాహేలమ్మ


తాండూరు
25 మార్చి 1984

అవ్వకు,

చెప్పకూడదనుకున్నాను. డెబ్బై రెండేళ్ల మనిషివి, ఎందుకులే అనుకున్నాను. నువ్వు నాగవ్వను పంపించేశావు కనుక చెబుతున్నాను.

నీ కార్డు ఫిబ్రవరి 21న, మంగళవారం, జంగప్ప పంతులు బడికి వచ్చింది. ఆయన క్లాసులో ఉన్నాడు. అటెండరు వరండాలో నిలబడి చదివాడు. ఆ పక్కనే నీళ్ల కుండ, పిల్లలు ఉంటారు. మధ్యాహ్నానికి పదో తరగతి బోర్డు మీద సీసా బొమ్మ గీసి కింద "గురువారం హాజరు" అని రాశారు. ఆయన చూసి, తుడిచి, పాఠం చెప్పాడట. తుడిచిన డస్టరు చేతిలోనే పట్టుకుని ఇంటికి నడిచి వెళ్లాడట. మరునాడు బడి కమిటీవాళ్లు పిలిచారు. బడికి తాగి వచ్చాడా అని ఒక్కరూ అడగలేదు. ఎండాకాలం సెలవులయ్యే దాకా రావద్దన్నారు.

మూడో రోజు తాగాడు. పద్నాలుగు నెలల తర్వాత.

ఆ గురువారం నేను పోయేసరికి షట్టరు పూర్తిగా దించి ఉంది. ఉస్మాన్ భాయి బయట స్టూలు మీద కూర్చున్నాడు. "ఇంక ఎవ్వరు రారు. పేర్లు బజార్ల పడ్డయని భయపడ్డరు" అన్నాడు. కార్డు నేను రాయలేదు భాయీ అన్నాను. "నువ్వు రాయలేదని నాకెర్కనే తమ్మీ. గాని ఆయన పేరు మీ అవ్వకు ఎవరు చెప్పిన్రు?"

నువ్వు కార్డు రాశావు, పేరు ఇచ్చింది నేను. నిన్ను ఒక్కదాన్నే అనడం లేదు.

అప్పటి నుంచి ప్రతి గురువారం, అదే వేళకు, జంగప్ప పంతులు ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటున్నాను. ఆయన తలుపు తీయడు. ఆయన భార్య హన్మమ్మ మొదటి వారం, "ఇంక ఏం మిగిలిందని వచ్చినవ్ కొడుకా?" అన్నది. మొన్న చెంబుతో నీళ్లు పెట్టి లోపలికి పోయింది. నేను మూసిన తలుపుకే నా పేరు చెప్పి, ఆ వారం ఎట్లా గడిచిందో చెప్పి వస్తున్నాను. లోపల వింటున్నాడో లేదో తెలియదు.

నేను తాగలేదు అవ్వా. సూది అరవై దాటింది. టేపు తిరగేశాను. ఇవాళ ఏడో అంగుళం. నువ్వు ఎర్ర సిరా వేసిన రోజులన్నీ ఇందులో ఉన్నాయి. సాక్షి లేడు. ఉన్నవాళ్లను మనమే పోగొట్టాం.

రక్తం అన్నావు. ఆ ఉత్తరం చదివిన రోజు సారా దుకాణం దాకా పోయాను. మా నాయన పోయినట్టే పోదామనుకున్నాను. దుకాణపాయన, "అంగీ కుట్టుడు అయ్యిందా మున్షీ?" అన్నాడు. వెనక్కి వచ్చాను. ఇంకోసారి వస్తానో లేదో చెప్పలేను.

బాలప్ప


వికారాబాద్
31 మార్చి 1984, శనివారం

బాలప్పకు,

నీ ఉత్తరం బుధవారం అందింది.

కార్డు నకలు తీసి మళ్లీ చదివాను. అక్షరం తప్పు లేదు. అదంతా నిజమే. నిజమైతే చాలు, ఎక్కడ నిలబెట్టి చెప్పినా పరవాలేదు అనుకుని బతికాను. ఆ పిల్లవాడు నాలుగో తరగతిలో భాగహారం తప్పితే నేను బల్ల ఎక్కించి నిలబెట్టేదాన్ని. ముప్పై నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఎక్కించాను.

దీనికంటే పాతది ఇంకొకటి ఉంది. నువ్వు దాన్ని సారా దుకాణం దాకా మోసుకుపోయావు కనుక ఇప్పుడే చెప్పాలి.

1969 ఏప్రిల్‌లో నీ తండ్రి ఇంటికి రానిమ్మని అడిగాడు. ముప్పై రోజులు తాగకుండా ఉంటే రానిస్తానన్నాను. రోజుకొక కార్డు రాయమన్నాను. రాశాడు. "ఈ రోజు తాగలేదు, నర్సప్ప." పందొమ్మిది కార్డులు. అవి నా పెట్టెలో వరుసగా ఉన్నాయి. ఇరవయ్యో రోజు, మే 10న రాయాల్సిన కార్డు రాలేదు. రెండు రోజులు చూసి రిజిస్టరులో ఆ గడిలో ఎర్ర గీత గీశాను. ఆ మర్నాడు, వాడితో క్వారీలో పనిచేసే భీమయ్య వచ్చాడు. మే 10 పొద్దున్నే అంచు రాయి విరిగి నీ తండ్రి కింద పడి పోయాడట. ఆ ఎండకు శవాన్ని ఆపలేక అక్కడే మట్టి చేసి, తర్వాత భీమయ్య నాకు చెప్పడానికి వచ్చాడు. భీమయ్య ఈ గుమ్మంలో నిలబడి అన్నాడు, "తాగలే అమ్మా. నేను పక్కనే ఉన్న. ఇంక పది రోజులే, ఇంటికి పోత అన్నడు."

నేను అతనికి మజ్జిగ ఇచ్చి పంపించాను. నీకు, ఊరికి, పాస్టరుగారికి తాగి పడ్డాడని చెప్పాను. తాగకుండా పోయాడంటే, గడువు పెట్టి ఆ క్వారీలోనే ఉంచింది నేనే అవుతాను. గీత గీశాను కదా, గీసింది నిజం చేసుకున్నాను. పదిహేనేళ్లు నీకు అదే అన్నంతో కలిపి పెట్టాను.

క్షమించమని అడగడం లేదు. అడిగితే నువ్వు జవాబు చెప్పాల్సి వస్తుంది. ఇక జరగవలసినవి రాస్తున్నాను.

1. సోమవారం బస్సుకు నేను కోట్‌పల్లి వెళతాను. ఫిబ్రవరి 23 నుంచి నేను వేసిన ఎర్ర సిరా తప్పని నాగవ్వకు, ఆమె అన్న ముందరే చెబుతాను. తొంభై మాట ఎత్తను. నీ దగ్గరికి రావడం, రాకపోవడం ఆమె ఇష్టం. పాప బొమ్మల డబ్బా ఇచ్చి వస్తాను.

2. గురువారం, ఏప్రిల్ 5న, పొద్దుటి ప్యాసింజరులో తాండూరు వస్తాను. స్టేషనుకు రావద్దు. పని మానవద్దు.

3. ముందు ఆ బడి కమిటీవాళ్లను కలుస్తాను. జంగప్ప తాగి పాఠం చెప్పిన రోజు ఒక్కటి చూపించమంటాను. వాళ్లు వినకపోవచ్చు. ఉస్మాన్‌కు కార్డు రాసింది నేనేనని చెబుతాను. దుకాణం తెరవమని అడగను. ఆ మాట అడిగే హక్కు మనిద్దరికీ లేదు.

4. దీపాలు పెట్టే వేళకు జంగప్ప ఇంటి అరుగు మీదికి వస్తాను. మీ పద్ధతిలో పేరు చెప్పి ఎలా మొదలుపెట్టాలో నాకు రాదు. నువ్వు ముందు చెప్పు, నేను విని చెబుతాను. హన్మమ్మ పొమ్మంటే పోతాను, మళ్లీ గురువారం వస్తాను.

5. తాగావో లేదో ఇక నాకు రాయవద్దు. టేపు నీ జేబులోనే ఉండాలి.

6. నీ తండ్రి విషయంలో నా మాట నమ్మవద్దు. భీమయ్య బషీరాబాద్‌లో కొడుకు దగ్గర ఉన్నాడు. వెళ్లి అడుగు.

7. అడిగి వచ్చాక 1969 రిజిస్టరు నీకిస్తాను. మే 10 గడిలో ఎర్ర గీత కొట్టేసి, "తాగలేదు" అని రాసి, కింద నువ్వు సంతకం పెట్టాలి. నా సంతకం చెల్లదు.

రాహేలమ్మ